సీమ ప్రయాణము: కొన్ని క్షేమ సూచనలు

(మక్తల్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరిలో గుడి కట్టుట కష్టము. కట్టిన గుడిలో దినదినము దీపము పెట్టుట అంతకంటె కష్టము. గ్రంథాలయమును నెలకొల్పి, ఇరువదియైదేండ్లు దాని తలుపులు తెరచుచు వచ్చినవారు ఆ నిత్యదీపమును కాపాడినవారు. వారికి మనమందరము ఋణపడియున్నాము.

ఇట్టి సభలలో కావ్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగించుట ఆచారము. కార్యవర్గమువారు నాకు వేరొక విషయము నిచ్చినారు. సీమకు పోవువారు తమ ఆరోగ్యమును, క్షేమమును కాపాడుకొనుటకు తెలిసికొనవలసిన సంగతులు చెప్పుమన్నారు. మన పెద్దలు ఇంగ్లండును సీమ అనెడివారు. నేనును ఆ మాటనే వాడుచున్నాను. సీమ అన్నచో ఇక్కడ బ్రిటన్ దేశమని గ్రహింప ప్రార్థన.

ఇది గ్రంథాలయ సభకు తగిన విషయమా అని కొందరికి సందేహము కలుగవచ్చును. పాలమూరు బిడ్డలకు వలస క్రొత్త కాదు. ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు మనవారు దేశమంతట తిరిగినారు. ఆ వలసలో ఊరివారు నలుగురు కలిసి పోయెడివారు. ఒకనికి జ్వరము వచ్చినచో ఇంకొకడు గంజి కాచి పోసెడివాడు. నేటి వలస వేరు. చదువుకొరకు పిల్లవాడొక్కడే పోవుచున్నాడు. కొన్ని సంవత్సరములకు కాన్పు సమయమనియో, పట్టప్రదానోత్సవమనియో తల్లిదండ్రులను పిలిపించుకొనుచున్నాడు. రాయచూరు బజారును, హైదరాబాదు దవాఖానను తప్ప వేరొక ఊరెరుగని తల్లి ఒక్క దినములో మరియొక ఖండమున దిగుచున్నది. 2023 అక్టోబరులో జక్లేరు నుండి కృష్ణ వరకు రైలుమార్గము తెరువబడి, మన మక్తల్ మీదుగా రాకపోకలు సులువైనవి. దారులు దగ్గరగుచున్నవి. అయితే దారి దగ్గరైనంత మాత్రమున దేశము తెలిసినట్లు కాదు.

సీమకు పోవువారికి సూచనలు వ్రాయుట క్రొత్త సంగతియు కాదు. గాంధీ మహాత్ముడు న్యాయశాస్త్రము చదువుటకు 1888లో లండనుకు పోయి, 1891లో తిరిగి వచ్చెను. తరువాత దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు, 1893-94 ప్రాంతమున, లండనుకు పోగోరు భారతీయులకొరకు ఒక మార్గదర్శిని వ్రాసెను. ఎవరు పోవచ్చును, ఏ బట్టలు ఎన్ని తీసికొనిపోవలెను, శాకాహారి ఏమి తిని బ్రతుకవచ్చును, ఖర్చెంతగును అను విషయము లందు కలవు. అంతటి మహానుభావుడు చొక్కాల లెక్క వ్రాయుటను చిన్న పనిగా తలపలేదు.

మరియొక మహనీయుని సంగతి చెప్పెదను. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ 1914 మార్చి నెలలో మద్రాసున ఓడ ఎక్కి, ఏప్రిల్‌లో లండను చేరెను. కేంబ్రిడ్జిలో చలికాలమున ఆయన రాత్రులందు చలికి వణికెడివాడు. పై కోటు తొడుగుకొని, శాలువ కప్పుకొని పడుకొనెడివాడు. అప్పుడక్కడ చదువుకొనుచున్న ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆయన పడకగదిలోనికి పోయి చూడగా, మంచముపై కంబళ్ళు పెక్కు ఉండెను. అవి అన్నియు అంచులు పరుపు క్రిందికి మడచి, బిగించి పరచబడియుండెను. ఆ కంబళ్ళను వెనుకకు మడచి, వాని లోపల దూరి పడుకొనవలెనని రామానుజనునకు ఎవ్వరును చెప్పలేదు. ఆయన అన్నిటికి పైనున్న పలుచని దుప్పటి క్రిందనే పడుకొనుచుండెను. మహలనోబిస్ ఎట్లు పడుకొనవలెనో చూపించెను. ఈ ముచ్చటను రామానుజన్ జీవితముపై 1967లో వెలువడిన తన గ్రంథములో చేర్చినవారు ఎవరో కాదు, మన దేశమున గ్రంథాలయశాస్త్ర పితామహుడని పేరొందిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు.

రామానుజన్ 1917లో జబ్బుపడి, 1919లో స్వదేశమునకు వచ్చి, 1920 ఏప్రిల్ 26న 32 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. ఆయన వ్యాధికి ఆ చలి కారణమని నేను చెప్పుట లేదు. నేను చెప్పదలచినది ఇంతే: లోకము మెచ్చిన మేధావికి సైతము పరదేశమున మంచముపై ఎట్లు పడుకొనవలెనో ఇంకొకరు చెప్పవలసి వచ్చెను. కనుక తెలియకపోవుట అవమానము కాదు. తెలియదని చెప్పుటకు మొగమాటపడుటయే ప్రమాదము. నా ప్రసంగమున అన్ని సూచనలకును మూలము ఈ ఒక్క మాటయే.

బయలుదేరుటకు ముందు

మొదటి పని వైద్యుని చూచుట. రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము కలవారు ప్రయాణమునకు ఒక నెల ముందుగానే పరీక్ష చేయించుకొనవలెను. పంటినొప్పి ఉన్నచో ఇక్కడనే చికిత్స ముగించుకొనుట మేలు. వాడుచున్న మందుల పట్టికను వైద్యునిచేత వ్రాయించుకొనుడు. అందు అంగడిపేరు మాత్రమే కాక మందు అసలు పేరు ఉండవలెను. ఇక్కడి అంగడిపేర్లు అక్కడి వైద్యులకు తెలియవు. అసలు పేరు లోకమంతట దాదాపు ఒకటే.

మందులను డబ్బాలలోనికి మార్చక, కంపెనీ అట్టపెట్టెలతోనే తీసికొనిపోవలెను. ఉండదలచిన దినములకు సరిపోవునన్ని, మరి రెండు వారములకు అదనముగా ఉండుట మంచిది. నిద్రమాత్రలు, కోడీన్, ట్రమడాల్ వంటి గట్టి నొప్పిమందులు అక్కడ ప్రత్యేక నియంత్రణలో ఉన్నవి. అట్టివానికి వైద్యుని ఉత్తరము దగ్గర ఉంచుకొనవలెను. మూడు నెలలకు మించిన మోతాదునకు అనుమతిపత్రము కూడ కావలెను. దుబాయి మీదుగా పోవువారు మరింత జాగ్రత్త పడవలెను. మన వంటింటి గసగసాలు ఆ దేశమున నిషిద్ధ వస్తువు. కూరలో మసాలాకని మూటకట్టినది చెరసాలకు దారితీయవచ్చును.

ఇక తినుబండారములు. తల్లి మనస్సు కొడుకునకు నేయి, పాలకోవా, కోడిపచ్చడి పట్టుకొనిపోవలెనని కోరుట సహజము. కాని మాంసముతోను పాలతోను చేసిన పదార్థములను మన దేశమునుండి బ్రిటనుకు తీసికొనిపోరాదు. విమానాశ్రయమున వానిని పారవేయుదురు. సంచిలో నున్నదానిని దాచి, లేదని బొంకినచో చిక్కులు పెరుగును. ఏది తీసికొనిపోవచ్చునో ముందుగా విచారించుకొనుడు. అక్కడ అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుడు.

రెండవ పని ఆరోగ్య బీమా. జర్మనీ, ఫ్రాన్సు మొదలైన షెంజెన్ దేశములకు పోవువారు కనీసము 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా చూపనిచో వీసా దొరకదు. బ్రిటన్ సందర్శక వీసాకు అట్టి నిర్బంధము లేదు. నిర్బంధము లేదు గనుక మనవారు పెక్కుమంది బీమా మానివేయుచున్నారు. గోడ లేని బావి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావలెను కదా! బీమా కాగితము నింపునప్పుడు పాతజబ్బులను దాచరాదు. రక్తపోటు లేదని వ్రాసి, అక్కడ గుండెనొప్పి వచ్చినచో, బీమా కంపెనీ ఆ అబద్ధమును చూపి సొమ్ము నిరాకరించును. కొంచెము ఎక్కువ ప్రీమియము కట్టియైనను పాతజబ్బులు చేర్చిన బీమానే తీసికొనవలెను.

విమానమున

హైదరాబాదు నుండి లండనుకు నేరుగా పోవు విమానములో సుమారు పది గంటలు కూర్చుండవలెను. కాళ్ళు కదపక కూర్చున్నచో పిక్కలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. కనుక గంటకో రెండు గంటలకో లేచి నడువవలెను, కూర్చున్నచోటనే పాదములను పైకి క్రిందికి ఆడించుచుండవలెను, నీరు త్రాగుచుండవలెను. మరుగుదొడ్డికి మాటిమాటికి లేవవలసి వచ్చునని నీరు మానివేయు తల్లులు కలరు. అది మొగమాటమే. దిగిన పిమ్మట కొన్ని దినములలో ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినను, ఆయాసము కలిగినను తక్షణమే వైద్యునికి చెప్పవలెను.

ఇన్సులిన్ తీసికొనువారు దానిని చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. సామానుతో పాటు క్రింది అరలో వేసినచో చలికి గడ్డకట్టి పనికిరాకుండ పోవచ్చును. సీమ గడియారము మన గడియారమునకు చలికాలమున ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనుక నడచును. ఈ మార్పులో మాత్రలును, సూదిమందును ఏ వేళకు తీసికొనవలెనో వైద్యునిచేత ముందుగానే వ్రాయించుకొనుడు.

చలి

మన మక్తల్‌లో ఎండకు నలువది డిగ్రీలు దాటినను తాళుకొనువారము. సీమ చలి మనకు పరిచితము కాదు. చలిని ఎట్లు గెలువవలెనో మన గొల్ల కురుమలకు బాగుగ తెలియును. గొంగళి ఉన్ని నూలుపోగుల నడుమ గాలిని బంధించి ఉంచును. ఆ గాలియే ఒంటి వేడిని కాపాడును. సీమలోను సూత్రమదే. ఒక్క దళసరి కోటుకంటె, పలుచనివి మూడు ఒకదానిపై నొకటి తొడుగుకొనుట మేలు. లోపలికి పోగానే పైవి తీసివేయవచ్చును. తల, చెవులు, చేతులు, పాదములు కప్పుకొనవలెను. చీర కట్టు తల్లులు లోపల ఉన్ని కాలితొడుగులు, పాదములకు మేజోళ్ళు, జారని అడుగుగల బూట్లు వేసికొనుటకు సిగ్గుపడనవసరము లేదు. చెప్పులతో మంచుపై నడచి తుంటియెముక విరుగగొట్టుకొనుట కంటె అది ఎంతో నయము.

డిసెంబరులో లండనున సాయంకాలము నాలుగు గంటలకే చీకటి పడును. జూనులో రాత్రి తొమ్మిది దాటినను వెలుతురుండును. చలికాలమున ఎండ తక్కువగుటచే ఒంటికి డి విటమిను చాలదు. దినమునకు 10 మైక్రోగ్రాముల మాత్ర తీసికొనుటను గూర్చి ఆలోచింపుమని అక్కడి ఆరోగ్యశాఖ సలహా ఇచ్చుచున్నది. మనవంటి చామనచాయ, నలుపు వన్నెవారికి ఏడాది పొడుగునను ఈ సలహా వర్తించును. మన వైద్యుని అడిగి వాడుకొనుడు.

ఇంటిలోపల

సీమ ఇండ్లు చలి చొరకుండ మూసికొని యుండును. కనుక ఇంటిలో కుంపటి పెట్టుట, బొగ్గుల పొయ్యి రగిల్చుట ఎన్నడును చేయరాదు. మూసిన గదిలో బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఇంటిలో నున్నవారందరికి ఒకేసారి తలనొప్పి, వికారము, మగత కలిగినచో వెంటనే వెలుపలికి రావలెను. గ్యాసు వాసన వచ్చినను కిటికీలు తెరచి, దీపపు మీటలు ముట్టక, బయటికి వచ్చి 0800 111 999 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఇది పగలు రాత్రి పలుకు ఉచిత సంఖ్య.

ఇంటి కప్పునకు పొగ పసిగట్టు యంత్రముండును. మనము ఎండుమిరపకాయల పోపు పెట్టినచో అది గొల్లున మ్రోగును. విసిగి దాని బ్యాటరీ తీసివేయుదురు. అది కాపలావానిని ఇంటినుండి తరిమివేసినట్లు. పోపు పెట్టునప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ తెరచిన చాలును. స్నానాల గదిలో మనవలె నీరు పోవు తూము నేలకు ఉండదు. చెంబుతో నీళ్ళు గుమ్మరించినచో నేల జారును. నీరు క్రింది అంతస్తువారి కప్పులోనికి దిగును. తొట్టిలో నిలిచి, తెరను తొట్టి లోపలికి దించి స్నానము చేయవలెను. పెక్కు ఇండ్లలో వేడినీటికి, చన్నీటికి కొళాయిలు వేరు. వేడినీటి కొళాయి క్రింద చేయి పెట్టునప్పుడు, ముఖ్యముగా పసిపిల్లలకు నీళ్ళు పోయునప్పుడు, ముందు వేడి చూచుకొనవలెను. వంటింటి కొళాయి నీరు నిర్భయముగా త్రాగవచ్చును.

వీధిలోను, నీటి యొద్దను

బండ్లు అక్కడను మనవలె ఎడమవైపుననే నడచును. ఇది ఒక సౌకర్యము. అయితే రోడ్డు దాటుటకు స్తంభమునకున్న మీట నొక్కి, ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలుగువరకు నిలువవలెను. కారులో వెనుక కూర్చున్నవారు సహితము పట్టీ కట్టుకొనవలెను. పసిపిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొనుట కుదరదు; పన్నెండేండ్లు నిండువరకో, 135 సెంటీమీటర్ల ఎత్తు పెరుగువరకో పిల్లలకు తగిన ప్రత్యేక ఆసనము కావలెను.

నీటిని గూర్చి విశేషముగా చెప్పవలసియున్నది. 2024 ఏప్రిల్ నెలలో స్కాట్లండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ అను జలపాతము వద్ద, అక్కడ చదువుకొనుచున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిలో పడి మరణించిరి. చూచుటకు అందమైన చోటు. ఇద్దరును నవయౌవనమున నున్నవారే. ఇట్టి వార్త వినునప్పుడు ఏ ఊరి తల్లికైనను కడుపు తరుక్కుపోవును.

మన పిల్లలు కృష్ణలోను, దిగుడుబావులలోను ఈత నేర్చినవారు. మాకు ఈత వచ్చునని ధీమా పడుదురు. సీమ నీరు వేరు. పదునైదు డిగ్రీలకంటె చల్లని నీటిలో హఠాత్తుగా పడినచో, మనిషి తనకు తెలియకుండగనే గట్టిగా ఊపిరి పీల్చును, ఆ ఊపిరితో నీరు లోనికి పోవును, గుండె తల్లడిల్లును. ఈ మొదటి క్షణములలో గజ ఈతగానికి కూడ చేతులు ఆడవు. అక్కడి ప్రాణరక్షకులు నేర్పు ఉపాయము ఒకటి కలదు. పడగానే ఈదుటకు పెనుగులాడక, వెల్లకిల తేలి, తల వెనుకకు వాల్చి, ముఖము నీటిపై నుంచవలెను. ఒకటి రెండు నిమిషములలో ఊపిరి నిలకడ పడును. అప్పుడు కేక వేయవచ్చును, ఈదవచ్చును. గట్టుపైనున్నవారు తాము దూకరాదు. 999కి ఫోను చేసి, తేలు వస్తువును విసరవలెను. సముద్రతీరమున ఎరుపు పసుపు జెండాల నడుమ మాత్రమే స్నానము చేయవలెను, అచ్చట కాపలావారుందురు. జలపాతముల అంచున పాచిపట్టిన బండలపై నిలిచి ఫోటో తీసికొనుట మానుడని మీ పిల్లలకు ఫోనులో చెప్పుడు. తండ్రి మాట అంత దూరమునను పనిచేయును.

జబ్బు చేసినప్పుడు

సీమలో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనది. దానిని ఎన్.హెచ్.ఎస్. అందురు. ఆ దేశవాసులకు వైద్యము దానిద్వారా ఉచితముగా లభించును. ఆరు నెలలకు మించి ఉండు విద్యార్థులు, ఉద్యోగులు వీసాతో పాటు ఆరోగ్య రుసుము కట్టుదురు. 2024 ఫిబ్రవరి నుండి అది విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు, ఇతరులలో పెక్కుమందికి 1,035 పౌండ్లు. ఆ రుసుము కట్టినవాడు వైద్యమును హక్కుగా పొందవచ్చును. మా దగ్గర డబ్బు లేదని జ్వరముతో గదిలో పడియుండు విద్యార్థులు కలరు. వారు ముందే చెల్లించినారని వారికే తోచదు.

చూచి పోవుటకు వచ్చిన తల్లిదండ్రుల సంగతి వేరు. వీధి వైద్యుని, అనగా జీ.పీ. అను కుటుంబ వైద్యుని చూచుటకు రుసుము లేదు. ఆస్పత్రి అత్యవసర విభాగమున చేయు చికిత్సకును రుసుము లేదు. కాని అచ్చటినుండి ఆస్పత్రిలో చేర్చుకొన్నచో, ఇంగ్లండులో సందర్శకులకు సాధారణ ధరకు ఒకటిన్నర రెట్లు లెక్క వేయుదురు. ప్రాణాపాయమున్నప్పుడు డబ్బు లేదని చికిత్స ఆపరు. తరువాత బిల్లు పంపుదురు. ఐదువందల పౌండ్లకు మించిన బాకీ తీర్చనిచో ముందు ముందు వీసా నిరాకరింపబడవచ్చును. బీమా ఎందులకో ఇప్పుడు విశదమైనదని తలచెదను. క్షయ వంటి కొన్ని అంటువ్యాధులకు మాత్రము ఎవ్వరికైనను చికిత్స ఉచితము.

ప్రాణాపాయమైనచో 999 లేక 112. ఏమి చేయవలెనో తోచని జబ్బునకు, అత్యవసరము కానిచో, 111. ఇంగ్లీషు రానివారు "తెలుగు" అను ఒక్కమాట పలికినను 111 వారు దుబాసీని పిలుతురు. ఆస్పత్రులలోను దుబాసీని అడుగవచ్చును. చిన్న రొంప, దగ్గు, ఒళ్ళునొప్పులకు మందుల అంగడివాడే సలహా ఇచ్చును. యాంటీబయాటిక్ మందులు మాత్రము అడిగినంత మాత్రమున ఇయ్యడు.

ఒక చిన్న కార్డుపై ఇంటి చిరునామా, పోస్టుకోడు, కొడుకు లేక కూతురు ఫోను సంఖ్య, జబ్బులు, మందులు, పడని మందులు వ్రాసి ఎల్లప్పుడు జేబులోనో, కొంగుముడిలోనో ఉంచుకొనుడు. అంబులెన్సు వచ్చుటకు పోస్టుకోడు ముఖ్యము. ఇంటిలో ఫోను దగ్గర కూడ ఆ కాగితము అంటించుడు.

ఇప్పుడు అసలైన మాట చెప్పెదను. పరదేశమున పెద్దవారికి జబ్బు ముదురుటకు ముఖ్య కారణము వైద్యుడు లేకపోవుట కాదు, చెప్పకపోవుట. ఛాతీలో బరువుగా నున్నది. బిడ్డ ఉద్యోగమునకు పోవలెను, సెలవు పెట్టవలసి వచ్చునేమో, పౌండ్లు ఖర్చగునేమో, ఊరికి పోయినాక చూపించుకొందములే అని తల్లి అణచుకొనును. గుండెపోటు మన సౌకర్యము చూడదు. ఛాతీని పిండినట్లు నొప్పి, అది ఎడమచేతికో దవడకో ప్రాకుట, చెమటలు, ఆయాసము కలిగినచో నిమిషము ఆలస్యము చేయరాదు. ముఖము ఒక ప్రక్కకు వాలుట, ఒక చేయి పైకెత్తలేకపోవుట, మాట తడబడుట పక్షవాతమునకు గుర్తులు. అప్పుడును 999 పిలువవలెను. బిడ్డలు ఇంట లేనిచో తల్లియే ఫోను తీసి "అంబులెన్సు" అని పలుకవలెను. ఈ ఒక్కమాటను, ఆ మూడు తొమ్మిదులను ఇక్కడనే రెండుసార్లు అభ్యసింపజేసి పంపుడు.

బిడ్డలకును ఒక మాట. అమ్మా, నాయనా, బాగున్నారా అని అడుగుట చాలదు. బాగున్నాము అనుట మన పెద్దల అలవాటు. ఈ దినము మాత్ర వేసికొన్నావా, కాలు వాచినదా, రాత్రి నిద్ర పట్టినదా అని విడివిడిగా అడుగుడు.

తల్లిదండ్రులకును అట్టిదే చెప్పవలెను. ఫోనులో అంతా బాగున్నదనెడి పిల్లవాడు అప్పుల దిగులుతో, ఒంటరితనముతో కుములుచుండవచ్చును. దిగులు కూడ ఒక జబ్బే. దానికిని వైద్యము కలదు. అక్కడ 116 123 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి సమారిటన్స్ అను సంస్థవారితో మనస్సులోని మాట చెప్పుకొనవచ్చును. డిగ్రీ పోయినను బిడ్డ మిగులవలెనని తల్లిదండ్రులు తమ నోట ఒకసారి చెప్పినచో పిల్లవానికి కొండంత ధైర్యము.

మోసగాండ్రు, కాగితములు

మేము ప్రభుత్వ కార్యాలయమువారము, నీ వీసాలో తప్పున్నది, ఇప్పుడే సొమ్ము పంపనిచో పట్టుకొందుము అని బెదిరించు ఫోనులు క్రొత్తగా వచ్చిన విద్యార్థులకు వచ్చుచుండును. ఏ ప్రభుత్వ కార్యాలయమును ఫోనులో అట్లు డబ్బు అడుగదు. ఫోను పెట్టివేసి, తెలిసినవారికి చెప్పవలెను. భయమును దాచినవాడే మోసపోవును. పాసుపోర్టు, వీసా నకళ్ళు వేరు సంచిలో నొకటి, ఊరిలో నొకటి ఉంచుడు. పాసుపోర్టు పోయినచో పోలీసులకు ఫిర్యాదు చేసి, భారత హైకమిషనును ఆశ్రయింపవలెను. అది లండనున ఆల్డ్‌విచ్ అను చోట ఇండియా హౌసులో కలదు. బర్మింగ్‌హాము, ఎడింబరో నగరములందు మన కాన్సులేటులు ముందునుండియు ఉండగా, 2025 మార్చిలో మాంచెస్టరు, బెల్‌ఫాస్టులందును తెరచిరి. సందర్శక వీసాపై పోయినవారు కూలికి పని చేయరాదు. గడువు దాటి ఉండరాదు.

గ్రంథాలయమునకు ఒక మనవి

సోదరులారా! ఇవన్నియు ఒకసారి విని గుర్తుంచుకొనుట కష్టము. అందుచేత ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునకు ఒక మనవి చేయుచున్నాను. ఇక్కడ ఒక పుస్తకమును తెరువుడు. పరదేశమునకు పోయి వచ్చినవారు తమకు తెలిసివచ్చిన సంగతులను అందు స్వహస్తములతో వ్రాయవలెను. ఏ వైద్యము ఎట్లు దొరికినది, ఏ బట్ట పనికివచ్చినది, ఏ చోట ఇబ్బంది కలిగినది, బీమావారు ఏమి అడిగినారు అని తేదీతో సహా వ్రాయవలెను. రూల్సు మారుచుండును గనుక పోవువారు ప్రభుత్వమువారి తాజా ప్రకటనలను కూడ ఇక్కడనే చూచుకొనునట్లు ఏర్పాటు చేయవలెను. చదువురాని తల్లులకు పాఠశాల పిల్లలు ఆ పుస్తకమును చదివి వినిపింపవలెను. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినిపించు మన ఊరిలో ఏ భాషలో వ్రాసినను చదువువారు దొరకుదురు.

గ్రంథాలయము పని ఏమి? ఒకడు కష్టపడి తెలిసికొన్నది పదిమందికి కష్టము లేకుండ తెలియజేయుట. పరదేశమున మనవానికి మంచముపై కంబళి ఎట్లు కప్పుకొనవలెనో తెలియని రాత్రి రాకుండవలెను. మన తల్లి ఛాతీనొప్పిని కొంగున దాచుకొను రాత్రి రాకుండవలెను. అందులకు ఈ పుస్తకము కొంతయైనను తోడ్పడినచో, రాబోవు స్వర్ణోత్సవమున మన పిల్లలు మనలను సంతోషముతో తలచుకొందురు.

ఈ గ్రంథాలయము దినదినాభివృద్ధి గాంచుగాక! పోవువారు క్షేమముగా పోయి, లాభముగా తిరిగివచ్చెదరు గాక!